సింహం పిల్లకు పాలసీసా, మనకు నోటీసా?

విదేశాలకు వెళ్లి అడవి జంతువులకు సేవ చేసి రావడం ఇప్పుడు పెద్ద మోజు. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా కుర్రకారు మొదలుపెట్టిన పని ఇది. స్కూలు చదువు అయిపోయాక, కాలేజీలో చేరేలోపు కొన్ని నెలలు ఖాళీ చేసుకుని దక్షిణాఫ్రికాకో థాయిలాండ్‌కో కోస్టారికాకో పోతారు. జీతం ఉండదు, పైగా వాళ్లే డబ్బు కడతారు. వారానికి వందల డాలర్లు, విమానం ఖర్చు వేరే. అక్కడ సింహం పిల్లకు సీసాతో పాలు పడతారు, ఏనుగుకు స్నానం చేయిస్తారు, తాబేలు గుడ్లు లెక్కపెడతారు. రెండు వారాలు గడిచాక ఒక సర్టిఫికెట్, వెయ్యి ఫొటోలు పట్టుకుని ఇంటికి చేరతారు.

ఈ గాలి హైదరాబాద్ పెద్ద స్కూళ్లకు కూడా సోకింది. అమెరికా యూనివర్సిటీకి పెట్టే దరఖాస్తులో ‘వన్యప్రాణి సంరక్షణలో సేవ’ అన్న వాక్యం ఒకటి ఉంటే విలువ ఎక్కువట. మన ఆశ్రమ పాఠశాలల్లో చదివి డిగ్రీ దాకా వచ్చిన పిల్లల ఫోన్లలో కూడా ఆ రీళ్లే తిరుగుతున్నాయి. ‘సర్, మనమూ అట్ల పోవచ్చా?’ అని అడుగుతున్నారు. అడగడంలో తప్పేముంది? అడవిలో పుట్టినోడికి ఇంకో దేశపు అడవిని చూడాలని ఉండదా? కానీ టీచర్లుగా మనం జవాబు చెప్పాలి. గూగుల్ చెప్పే జవాబు కాకుండా మన గూడెం నుంచి కనిపించే జవాబు చెప్పాలి.

ముందు సింహం పిల్ల సంగతి చూద్దాం. ఎందుకంటే ఆ ఫొటోకే అందరూ పడిపోతున్నారు.

దక్షిణాఫ్రికాలో సింహాలను కంచెల్లో పెట్టి పెంచే ఫారాలు వందల్లో ఉన్నాయి. మనం కోళ్లఫారం అంటాం చూడండి, అలాంటివే. వాటిలో ఉన్న సింహాలు దాదాపు 8,000. ఆ దేశంలో స్వేచ్ఛగా తిరిగే సింహాలకంటే ఫారాల్లో ఉన్నవే ఎక్కువ. ఇక్కడికి వచ్చే వాలంటీరుకు చెప్పే కథ ఒకటే: ‘ఇది తల్లి లేని పిల్ల, నువ్వు పాలు పడితేనే బతుకుతుంది, పెద్దయ్యాక అడవిలో వదులుతాం.’ తల్లి లేకపోవడమేమిటి? తల్లి పక్క కంచెలోనే ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులకే పిల్లను లాగేసుకుంటారు. అడవిలో ఆడసింహం రెండేళ్లకోసారి ఈనుతుంది. పిల్లను తీసేస్తే మళ్లీ త్వరగా ఎదకొస్తుంది, మళ్లీ ఈనుతుంది. మన ఆవుల దగ్గర ఇట్లాంటి పని చేస్తే గూడెంలో పెద్దలు ఊరుకుంటారా?

ఆ పిల్ల అయిదారు నెలలదాకా వాలంటీర్ల ఒళ్లో, టూరిస్టుల ఒళ్లో ఉంటుంది. కాస్త పెరిగితే ‘సింహంతో నడక’ అని టికెట్టు పెడతారు. ఇంకా పెరిగితే మనుషులకు ప్రమాదం. మనిషి చేతిలో పెరిగింది కనుక వేట రాదు, మనిషంటే భయం లేదు, కాబట్టి అడవిలో వదలరు. మరి ఎక్కడికి పోతుంది? కంచె వేసిన మైదానంలోకి వదిలి, డబ్బున్న వేటగాడిని పిలిచి కాల్పిస్తారు. తల గోడకెక్కుతుంది. ఎముకలు ఆగ్నేయాసియాకు ఎగుమతవుతాయి, పులి ఎముకలకు బదులుగా మందుల్లో కలుపుతారు. ఇది చాటుమాటు వ్యవహారం కూడా కాదు. 2017లో 800 అస్థిపంజరాలు, 2018లో 1,500 అస్థిపంజరాలు ఎగుమతి చేసుకోవచ్చని ఆ ప్రభుత్వమే కోటా ఇచ్చింది. 2019లో ప్రిటోరియా హైకోర్టు ఆ కోటాలు చట్టవిరుద్ధమని చెప్పింది. 2015లో ‘బ్లడ్ లయన్స్’ అనే డాక్యుమెంటరీ ఈ వ్యాపారం బండారం బయటపెట్టింది. 2021లో అక్కడి పర్యావరణ మంత్రి ఈ వ్యాపారాన్నే ఆపేస్తామని ప్రకటించారు.

అంటే ఏమైంది? మంచి మనసుతో వచ్చిన ఆ పిల్లలు కూలి లేకుండా పనిచేసి, పైగా డబ్బు కట్టి, వేటగాడి కోసం సింహాన్ని పెంచి పెట్టారు. పాలసీసా పట్టిన చేతికి తుపాకీ కనపడలేదు, అంతే.

కనపడలేదు అనేది ఎంతవరకు సాకు అవుతుంది? గూడెంలో ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా అడుగుతాడు, ‘సర్, దీని తల్లి ఏది?’ అని. రెండు వారాల కోసం పదివేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవారికి ఆ ప్రశ్న తోచలేదు. తోచకుండా ఉండటానికే ఫారం యజమాని ఫొటోలు తీయిస్తాడు.

ఇక్కడిదాకా చెప్పిన మోసం జంతుప్రేమికులకు కూడా అర్థమైంది. వాళ్లే ఇప్పుడు ‘జంతువును ముట్టుకోనిచ్చే చోటుకు వెళ్లకండి’ అని ప్రచారం చేస్తున్నారు. మంచిదే. అయితే మన కడుపు మండేది ఇంకో దగ్గర. జంతువును ముట్టుకోని, అన్ని పద్ధతులూ పాటించే పెద్ద పెద్ద పార్కులున్నాయి కదా, ఆ నేల ఎవరిది? అక్కడ మొన్నటిదాకా ఎవరున్నారు?

టాంజానియాలో సెరెంగెటి ఉంది. టీవీలో అడవిదున్నల మందలు నది దాటుతుంటే చూస్తాం, అదే. అక్కడ మసాయిలు పశువులు మేపుకుంటూ బతికారు. 1959లో వాళ్లను అందులోంచి తరలించి పక్కనున్న గొరొంగొరో వైపు పంపారు. అక్కడ శాశ్వతంగా ఉండొచ్చని మాట ఇచ్చారు. అదే ఏడాది ‘సెరెంగెటి చావకూడదు’ అనే అర్థం వచ్చే పేరుతో జర్మన్ జంతుశాస్త్రవేత్త గ్రిమెక్ తీసిన సినిమా వచ్చింది, ఆస్కార్ కూడా తెచ్చుకుంది. జాతీయ పార్కులో మనుషులు, అక్కడే పుట్టినవాళ్లయినా సరే, ఉండకూడదన్నది ఆయన వాదం. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ఆ గొరొంగొరో నుంచి కూడా వందల కిలోమీటర్ల దూరంలోని మ్సొమెరాకు పొమ్మంటున్నారు. 2022 జూన్‌లో పక్కనే ఉన్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతడానికి పోలీసులు దిగారు. అడ్డుపడ్డ మసాయిల మీద కాల్పులు జరిగాయి, చాలామంది సరిహద్దు దాటి కెన్యాలోకి పారిపోయారు. ఆ నేల గల్ఫ్ రాజకుటుంబాల అతిథులు ఏళ్ల తరబడి వేటాడే చోటు. పశువులు మేపితే అడవికి నష్టం, షేకులు వేటాడితే సంరక్షణ. ఈ లెక్క ఏ టెక్స్ట్ బుక్కులో ఉందో మాకు తెలియదు.

ఉగాండాలో బత్వాలు. అడవిలో తేనె, దుంపలు, చిన్న వేట మీద బతికినవాళ్లు, మన చెంచుల్లాంటివాళ్లు. 1991లో కొండ గొరిల్లాల కోసం బ్విండి, మగహింగ అడవులను పార్కులు చేసి వాళ్లను బయటికి పంపారు. భూమి ఇవ్వలేదు. ఇప్పుడు ఒక విదేశీయుడు ఆ గొరిల్లాలను గంటసేపు చూడాలంటే 800 డాలర్లు కట్టాలి. పక్కనున్న రువాండాలో 1,500. బత్వాలు ఇతరుల పొలాల్లో కూలికి పోతున్నారు. మగహింగలో ‘బత్వా దారి’ అని ఒకటి పెట్టారు. టూరిస్టులను అడవిలోకి తీసుకెళ్లి, ఒకప్పుడు మేము ఇట్లా నిప్పు చేసేవాళ్లం, ఇట్లా తేనె తీసేవాళ్లం అని ఆడి చూపించాలి. బతుకు తీసేసి దాన్నే నాటకంగా వేయించుకుంటున్నారు. 2021లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం బత్వాల పక్షాన తీర్పు చెప్పింది. ముప్ఫై ఏళ్లు పట్టింది.

థాయిలాండ్ అంటే ఏనుగుల శిబిరాలు గుర్తొస్తాయి. ఉత్తరాన ఏనుగు మావటీల్లో చాలామంది కరెన్ ఆదివాసులే. ఏనుగు వీపు రుద్దితే వాలంటీరుకు పుణ్యం, మావటికి కూలి. అదే దేశంలో కెంగ్ క్రచాన్ అనే జాతీయ పార్కులో 2011లో కరెన్ల ఇళ్లు, ధాన్యపు కొట్లు పార్కు అధికారులు తగలబెట్టారు. ఆ కేసులో తమవాళ్లకు సాయంగా నిలబడ్డ యువకుడు పొర్లజీ రక్‌చొంగ్‌చరొయెన్, అందరూ బిల్లీ అని పిలిచేవారు, 2014 ఏప్రిల్‌లో అడవి తేనె తీసుకెళ్తున్నాడని పార్కు అధికారులు ఆపారు. ఆ తర్వాత ఇంటికి రాలేదు. 2019లో ఆయన ఎముక ముక్క జలాశయం అడుగున దొరికిందని దర్యాప్తు అధికారులు ప్రకటించారు. 2021లో యునెస్కో ఆ పార్కుకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులే ముందుగా వద్దన్నారు, అయినా ఇచ్చింది.

తేనె తీసుకెళ్తున్నాడని. ఈ మాట నల్లమలలో చదివితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలు కోర్‌లోంచి బయటికి వచ్చేశాయి. ఇంకా ఊళ్లున్నాయి, వాటి మీద కూడా కన్నుంది. కుటుంబానికి 10 లక్షలుండే ప్యాకేజీని 2021లో 15 లక్షలు చేశారు. 15 లక్షలకు ఇప్పచెట్టు ఎంత, తునికాకు ఎంత, తాతల సమాధి రాయి ఎంత, గూడెం పొలిమేర దేవత ఎంత అని విడివిడిగా రేటు కట్టి చూపించమంటే ఏ ఆఫీసరూ చూపించడు. 2025 మే నెలలో కుమురం భీం పేరు పెట్టి ఆసిఫాబాద్ జిల్లాలో కవ్వాల్‌కూ తడోబాకూ మధ్య పులులు తిరిగే దారిని కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తూ జీవో 49 తెచ్చారు. జల్ జంగల్ జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు! ఎవరికి వచ్చిందో ఈ ఆలోచన. ఊళ్లన్నీ కదిలాక జూలైలో దాన్ని నిలిపి పెట్టారు. నిలిపి పెట్టడమంటే రద్దు చేయడం కాదని మన యువకులు గుర్తుపెట్టుకోవాలి.

నల్లమల సంగతి ఇంకా విడ్డూరం. చెంచులు దుంప తవ్వితే, తేనె పట్టు కోస్తే పులికి ఇబ్బంది అన్నారు. 2019లో అదే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేసి చూడొచ్చని కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. డ్రిల్లింగ్ మిషన్ల మోతకు పులి నిద్ర చెడదు కాబోలు! అప్పుడు అడ్డంగా నిలబడిన వాళ్లలో ముందున్నది చెంచులే. జనం గట్టిగా లేచాకే ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పులిని ఎవరు కాపాడినట్టు?

ఇక వాలంటీరు చేసే పని. విదేశాల్లో రెండు వారాల ‘అనుభవం’ కింద అమ్మేది ఏమిటో ఒకసారి చూడండి. జంతువుల అడుగులు గుర్తుపట్టడం, పెంట చూసి ఏం తిన్నదో చెప్పడం, కెమెరా ట్రాప్ చెట్టుకు కట్టడం, నీటి గుంటలు నింపడం, ఫైర్ లైన్లు చెయ్యడం, ఉచ్చులు ఏరడం. ఇదంతా మన గూడేల కుర్రాళ్లు చేస్తున్నారు. బేస్ క్యాంప్ వాచర్లు, యానిమల్ ట్రాకర్లు అని పేరు. ఎండాకాలంలో సాసర్ పిట్లకు నీళ్లు మోసేది వాళ్లే, రాత్రి నిప్పు ఆర్పేది వాళ్లే. మాకు తెలిసిన ఒక రేంజ్‌లో వాచర్లకు నెలల తరబడి జీతం రాలేదు. అడిగితే బడ్జెట్ రాలేదన్నారు. అదే వేసవిలో పట్నం నుంచి నలుగురు పిల్లలు కొత్త బూట్లతో దిగారు. మన కుర్రాడే వాళ్లకు దారి చూపించాడు, పగ్‌మార్క్ చూపించి ఇది ఆడపులి, ఇది నిన్న రాత్రిది అని చెప్పాడు. వెళ్లేటప్పుడు వాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చారు. మనవాడికి చెయ్యి ఊపారు. వాడి తండ్రి పోడు భూమికి పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించిన కాగితం ఇంట్లో రేకుపెట్టెలో ఉంది, అందులో ఆయన ‘ఆక్రమణదారుడు’.

ఒకే అడవి, ఒకే పని. డబ్బు కట్టి చేస్తే సేవకుడు. కూలికి చేస్తే వాచర్. తాతల నాటి నుంచి ఊరికే చేస్తే ఆక్రమణదారుడు. ఈ మూడు పేర్లూ ఎవరు పెట్టారు?

మేం ఇట్లా మాట్లాడితే, ‘మీకు బయటివాళ్లంటేనే పడదు’ అంటారు. అబద్ధం. మార్లవాయి పేరు విన్నారు కదా. భీం చనిపోయాక గోండుల బాధలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం పంపితే హైమన్‌డార్ఫ్ వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలోనే గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు. అక్కడే మనవాళ్లకు టీచర్ ట్రైనింగ్ పెట్టించాడు, గోండిలో వాచకాలు రాయించాడు. డిప్లొమా చేతబట్టుకుని ఈ రోజు మనం బళ్లో నిలబడ్డామంటే ఆ దారి మార్లవాయి నుంచి వచ్చినదే. నలభై ఏళ్లపాటు మళ్లీ మళ్లీ వచ్చాడు. 1987లో బెట్టీ కన్నుమూస్తే సమాధి మార్లవాయిలోనే కట్టారు. ఆయన అన్ని మాటలూ మనకు నచ్చాలని లేదు. కానీ ముందు విన్నాడు, తర్వాత మాట్లాడాడు. రెండు వారాల వాలంటీరుకు మన ఊరి పేరు పలకడం వచ్చేలోపే తిరుగు టికెట్టు రోజు వస్తుంది.

‘మరి జంతువులు చచ్చిపోతే?’ అని ఇంకొకరు అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనది, తప్పించుకోవద్దు. మన గోత్రాలకు చెట్టో జంతువో ఉంది, దాన్ని ముట్టం. కొత్తలు పెట్టుకోనిదే కొత్త కాయ నోట పెట్టం. అయినా మన ఊళ్లలో ఉచ్చులు పెట్టేవాళ్లు లేరా అంటే ఉన్నారు. కరెంటు తీగ పెట్టి అడవిపంది కోసం పులిని చంపిన ఘటనలూ ఉన్నాయి. దాన్ని సమర్థించే పనే లేదు. ఆ తీగను ఆపగలిగేది ఊరి గ్రామసభే. లండన్ నుంచి వచ్చిన అమ్మాయి ఆపలేదు, జీపు కూడా పూర్తిగా ఆపలేదు.

మనుషులు ఉంటే జంతువులు పోతాయన్న మాట ప్రతిచోటా నిజం కాదు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకు, టైగర్ రిజర్వ్ లోపలే, 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన 2014 లెక్కల్లో అక్కడ పులులు పెరిగాయి. కోస్టారికాలో ఒస్తియొనాల్ అనే తీరం ఉంది. మన బంగాళాఖాతానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లే అక్కడికీ వేలకు వేలు వస్తాయి. మొదటి రోజుల్లో పెట్టిన గుడ్లను వెనక వచ్చిన తాబేళ్లు ఎట్లాగూ తవ్వి పాడుచేస్తాయి కాబట్టి, ఆ గుడ్లను ఊరివాళ్లు తీసుకుని అమ్ముకోవడానికి 1980ల నుంచి చట్టమే ఒప్పుకుంది. బదులుగా ఊరు మిగతా గుడ్లకు కాపలా కాస్తుంది, తీరం శుభ్రం చేస్తుంది, పిల్లలు సముద్రంలో చేరేదాకా కుక్కలను, పక్షులను తోలుతుంది. అక్కడికి కూడా వాలంటీర్లు వస్తారు. ఊరు చెప్పిన పని చేస్తారు. వాళ్లతో మాకు పేచీ లేదు.

కాబట్టి ఫెలోషిప్పో, ఎవరైనా ఖర్చు పెట్టుకునే అవకాశమో వస్తే మన పిల్లలు వెళ్లాలి. మసాయిల దగ్గరికి, కరెన్ల దగ్గరికి, సోలిగల దగ్గరికి వెళ్లాలి. కానీ సొంత డబ్బు కట్టి, అప్పు చేసి, ఏ ఏజెన్సీకో వందల డాలర్లు ధారపోయవద్దు. వెళ్లేముందు ఉత్తరం రాసి అడగండి: ఈ నేల మీద ఇంతకుముందు ఎవరుండేవారు, ఇప్పుడు వాళ్లెక్కడున్నారు? మేం చేసే పనికి ఊరివాళ్లను ఎందుకు పెట్టుకోలేదు? ఈ జంతువు తిరిగి అడవికి పోతుందా, పోయినట్టు చూపించగలరా? నికరంగా జవాబు వస్తే వెళ్లండి. జవాబుకు బదులు సింహం పిల్ల ఫొటో వస్తే ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

టీచర్లకు ఒక మాట. పర్యావరణ పాఠం చెప్పేటప్పుడు ‘అడవిని ఎవరు నరుకుతున్నారు?’ అని అడిగితే మన పిల్లలే ‘పోడు చేసేవాళ్లు, సర్’ అని చేతులెత్తుతున్నారు. పరీక్షలో మార్కు కోసం తండ్రి మీద సాక్ష్యం చెప్తున్నారు. బొగ్గు గని పేరు ఎవరూ చెప్పరు, మునిగిపోయే పోలవరం అడవి పేరు ఎవరూ చెప్పరు. ఆ రెండు పేర్లు బోర్డు మీద రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అటవీ హక్కుల చట్టం, 2006, చదివి వినిపించండి. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కు మూడో సెక్షన్‌లో ఉంది. అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం అయిదో సెక్షన్‌లో గ్రామసభకు ఇచ్చారు. హక్కులు తేల్చకుండా, గ్రామసభ స్వేచ్ఛగా ఒప్పుకోకుండా పులి పేరుతో కూడా ఊరిని కదపరాదని నాలుగో సెక్షన్‌లో ఉంది. సంరక్షణ అంటే ఎవరో వచ్చి చేసేది అనుకునే పిల్లలకు, ఈ దేశంలో ఆ పని చట్టప్రకారం మీ అమ్మానాన్నలు కూర్చునే గ్రామసభదే అని తెలియాలి.

ఇది కాగితం మీద ఉంటే చాలదు. మన దగ్గర వ్యక్తిగత పోడు పట్టాల కోసం పరుగెత్తినంతగా సామూహిక వనరు కోసం పరుగెత్తలేదు. దానికి ఫారం-సి పెట్టాలి. గ్రామసభకు ఊళ్లో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఊరి హద్దుల పటం గీయాలి: ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా, ఇప్పచెట్లు ఎక్కడ, దేవుడి గద్దె ఎక్కడ, పశువులు నీళ్లు తాగేది ఎక్కడ, పులి దాటేది ఎక్కడ. పెద్దల మాటలను రాతలో పెడితే అవి కూడా సాక్ష్యమే అని నిబంధనల్లో ఉంది. ముసలమ్మలు చెప్తుంటే రాసిపెట్టే చేతులు కావాలి. వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. డిగ్రీ పిల్లలు అప్పటికి ఊళ్లోనే ఉంటారు, అందరి దగ్గరా జీపీఎస్ ఉన్న ఫోన్లున్నాయి.